చిట్టెలుకే హీరో!

అనగనగా ఓ అడవి. ఆ అడవిలో ఓ ఎలుక... అని అమ్మమ్మ మొదలుపెడితే మనవలంతా చుట్టూ చేరి 'ఊ' కొడతారు. కథ ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో అంతా అమ్మమ్మ ఇష్టం. అలా కాకుండా 'ఇప్పుడా ఎలుకవి నువ్వే. గద్ద నీ మీదకి దూసుకొస్తోంది. ఏం చేస్తావ్?' అని అమ్మమ్మ ఎదురు అడిగితే? మనవడు చెప్పినట్టే కథ నడిస్తే? సరిగ్గా అలాంటివే జంతువులు హీరోలుగా పిల్లల కోసం తయారైన రోల్ ప్లేయింగ్ గేమ్స్. ఓ పాచిక, ఓ కాగితం, ఓ పెన్సిలు ఉంటే చాలు... ఇల్లంతా అడవైపోతుంది!

ఇంతకీ ఏమిటీ ఆట?

ముగ్గురో నలుగురో ఓ బల్ల చుట్టూ కూర్చుంటారు. చాప మీదైనా ఫర్వాలేదు. వాళ్లలో ఒకరు కథ నడిపిస్తారు. ఇంగ్లిషులో గేమ్ మాస్టర్ అంటారు. మనం కథకుడు అనుకుందాం. మిగిలినవాళ్లు తలో పాత్రా తీసుకుంటారు. 'వాగు పొంగింది. అవతలి గట్టున మీ నేస్తం చిక్కుకుపోయింది. ఏం చేస్తారు?' అని కథకుడు అడుగుతాడు. ఒకరు ఆకుని పడవ చేస్తానంటారు. ఇంకొకరు కొమ్మ మీంచి దూకుతానంటారు. ఆ పని అవుతుందో లేదో తేల్చడానికి మాత్రం పాచిక వేస్తారు. పడిన అంకెని బట్టి కథ మలుపు తిరుగుతుంది. మళ్లీ అదే ప్రశ్న... 'ఇప్పుడేం చేస్తారు?'

వైకుంఠపాళితో పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. అందులోనూ పాచిక వేస్తాం. కానీ నిచ్చెనెక్కినా పాము నోట్లో పడినా మన చేతిలో ఏమీ ఉండదు. అంతా పాచికే చూసుకుంటుంది. ఇక్కడ ముందు పిల్లలు ఓ నిర్ణయం తీసుకోవాలి. పాచిక వంతు ఆ తర్వాతే. పైగా ఒకరు గెలిచి ఒకరు ఓడేదేమీ లేదు. అందరిదీ ఒకే జట్టు.

ఈ తరహా ఆటల్లో అచ్చయి బజారుకొచ్చిన మొదటిది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాకి చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తయారుచేశారు. కత్తి పట్టిన యోధులు, మంత్రగాళ్లు, నేలమాళిగల్లో నిధులు, వాటికి కాపలాగా భూతాలు... ఇదీ అందులోని లోకం. నిబంధనలూ లెక్కలూ బోలెడు. దాంతో కాలేజీ కుర్రాళ్లకి నచ్చినంతగా చిన్నపిల్లలకి అందలేదు. మరి కత్తుల యోధుల చోటులోకి కుందేళ్లూ ఎలుకలూ ఎలా వచ్చాయి?

కుందేళ్లతో మొదలు

ఆ కథ ఓ కారు ప్రయాణంతో మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఆడమ్స్ అనే ప్రభుత్వోద్యోగి ఉండేవాడు. కారులో వెళ్తున్నప్పుడు తన ఇద్దరు కూతుళ్లకీ విసుగు రాకుండా కుందేళ్ల కథ ఒకటి అప్పటికప్పుడు అల్లి చెప్పేవాడు. 'పుస్తకంగా రాయి నాన్నా' అని వాళ్లు పట్టుబట్టారు. రాశాడు. చాలామంది ప్రచురణకర్తలు వద్దని తిప్పి పంపారు. చివరికి 1972లో అచ్చయింది. అదే 'వాటర్‌షిప్ డౌన్'. తమ కలుగుకి ముప్పు ముంచుకొస్తోందని తెలిసి కొన్ని కుందేళ్లు కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరడమే కథ. ఆ కుందేళ్లకి నాలుగు దాకానే లెక్క తెలుసు. నాలుగు దాటితే ఎంతైనా వాటికి 'బోలెడు' కిందే లెక్క!

ఆ నవల స్ఫూర్తితో 1976లో డెన్నిస్ సస్టేర్, స్కాట్ రాబిన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు 'బన్నీస్ అండ్ బరోస్' అనే ఆట తెచ్చారు. అంటే కుందేళ్లూ కలుగులూ అన్నమాట. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చి అప్పటికి రెండేళ్లే. ఆడేవాళ్లంతా ఇందులో కుందేళ్లే. చేతిలో కత్తి ఉండదు, ఒంటి మీద కవచం ఉండదు. నక్క వస్తే నిలబడి యుద్ధం చేస్తానంటే కుదరదు. పరుగెత్తాలి, దాక్కోవాలి, ఉపాయం ఆలోచించాలి. ఆకులూ పసర్లూ తెలిసిన కుందేలుకీ, కథలు చెప్పే కుందేలుకీ కూడా పోట్లాడే కుందేలుతో సమానంగా చోటిచ్చారు. బలం లేనివాడికి బుద్ధే ఆయుధం అన్నది ఇందులో ఆట నియమం అయింది. తర్వాత వచ్చిన జంతువుల ఆటలు చాలావరకూ ఇదే బాట పట్టాయి.

ఓడితేనే ఎదుగుదల

వాటిలో బాగా పేరొచ్చింది 'మౌస్ గార్డ్'. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన చిత్రకారుడు డేవిడ్ పీటర్సన్ 2006లో ఈ పేరుతో బొమ్మల కథలు మొదలుపెట్టాడు. మనుషులే లేని లోకం అది. చెట్టు మొదళ్లలో, రాళ్ల సందుల్లో ఎలుకలు ఊళ్లు కట్టుకుని బతుకుతుంటాయి. ఊరికీ ఊరికీ మధ్య అడవి. అడవినిండా పాములు, గుడ్లగూబలు, ముంగిసల్లాంటి వీజెల్స్. బాటసారులని క్షేమంగా దాటించడం, ఉత్తరాలు చేరవేయడం, దారులు కాపాడటం... ఇవన్నీ చూసుకునే ఎలుకల దళమే మౌస్ గార్డ్. దీని ఆధారంగా ల్యూక్ క్రేన్ తయారుచేసిన ఆట 2008లో వచ్చింది. ఆ ఏడాది వచ్చిన రోల్ ప్లేయింగ్ గేముల్లో ఉత్తమమైనదిగా ఒరిజిన్స్ అవార్డు కూడా అందుకుంది.

అందులో పెద్దలు ప్రత్యేకంగా గమనించాల్సిన నియమం ఒకటుంది. ఎలుకకి ఏదైనా విద్యలో పట్టు పెరగాలంటే... ఆ పనిలో కొన్నిసార్లు నెగ్గాలి, కొన్నిసార్లు విఫలమవ్వాలి కూడా! రెండు ఖాతాలూ నిండితేనే పైమెట్టు. అన్నిట్లోనూ గెలుస్తూ పోయే ఎలుక ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది. పాచిక కలిసిరాకపోయినా కథ ఆగదు. కథకుడి ముందు రెండు దారులుంటాయి. దారిలో కొత్త చిక్కు తెచ్చిపెట్టొచ్చు. లేదంటే పనైందనిపించి, ఆ ఎలుకకి అలసటో కోపమో దెబ్బో తగిలించొచ్చు.

పొద్దున స్కూలు, సాయంత్రం ట్యూషను, మధ్యలో టెస్టులు... పిల్లాడి రోజంతా సరైన జవాబుల చుట్టూనే తిరుగుతుంది. తప్పు రాస్తే మార్కు పోతుంది, అక్కడితో ఆ ప్రశ్న ముగిసిపోతుంది. తప్పు చేశాక కూడా కథ ముందుకే వెళ్తుందనీ, ఆ తప్పు కూడా లెక్కలోకి వస్తుందనీ వాడికి చెప్పే చోటు ఎక్కడుంది? ఈ ఆటల అసలు విలువ అక్కడే ఉంది.

2020లో వచ్చిన 'మౌస్‌రిట్టర్'ది మరో చమత్కారం. ఐజాక్ విలియమ్స్ రూపొందించిన ఈ ఆటలో ప్రతి ఎలుకకీ కాగితం మీద కొన్ని గళ్లు ఉంటాయి. అదే దాని సంచి. సూది, తాడు, దివిటీ... ఏం దొరికినా ఆ బొమ్మున్న చిన్న కాగితం ముక్క కత్తిరించి గడిలో పెట్టుకోవాలి. గళ్లు నిండితే ఇంకేదీ పట్టదు. తమాషా ఏమిటంటే... ఆకలేసినా భయమేసినా అవీ ఓ గడిని ఆక్రమించేస్తాయి. భయం కూడా బరువే అని ఏడేళ్ల పిల్లకి ఇంతకన్నా తేలిగ్గా ఎవరు చెప్పగలరు!

పోట్లాటే లేని ఊరు

'ఎంతైనా పాములూ కత్తులూ ఉన్నాయిగా' అనుకునే అమ్మలకి జపాన్ నుంచి వచ్చిన ఆట ఒకటుంది. రియో కమియా 2006లో తెచ్చిన దీని పేరు 'యూయాకె కొయాకె'. 2013లో 'గోల్డెన్ స్కై స్టోరీస్' పేరుతో ఇంగ్లిషులోకి వచ్చింది. ఓ చిన్న పల్లెటూరు. అక్కడ కాస్తంత మహిమ ఉన్న నక్క, పిల్లి, కుక్క, కుందేలు, పక్షి, తనుకి అనే రకూన్ కుక్క. ఇవి మనిషి రూపం ఎత్తగలవు. చెవులూ తోకా కూడా దాచుకోవాలంటే మాత్రం ఇంకాస్త శక్తి ఖర్చవుతుంది! ఊళ్లోకి కొత్తగా వచ్చి నేస్తాల్లేక దిగాలుగా ఉన్న పిల్లనో, ఒంటరిగా ఉంటున్న తాతగారినో కాస్త సంతోషపెట్టడమే వీటి పని. పాచికలే లేవు. ఆడుతున్నప్పుడు ఎవరైనా మనసుకి హత్తుకునే పని చేస్తే పక్కవాళ్లు 'కల' అని ఓ కాగితం ముక్క బహుమతిగా ఇస్తారు. ఆ కలలతోనే ఒకరితో ఒకరికి స్నేహం పెరుగుతుంది. అంటే... తన వంతు వచ్చేదాకా దిక్కులు చూడకుండా పక్కవాడు చేసే మంచిని గమనిస్తూ ఉండాలన్నమాట.

అమెరికాలోని అట్లాస్ గేమ్స్ 2020లో పెట్టెలో పెట్టి తెచ్చిన 'మేజికల్ కిట్టీస్ సేవ్ ద డే' ఇంకా చిన్నవాళ్లకి. ఆరేళ్ల పిల్లలూ ఆడొచ్చు. మాథ్యూ హాన్సన్ రూపొందించిన ఈ ఆటలో అందరూ మహిమలున్న పిల్లికూనలే. ప్రతి కూనకీ ఓ మనిషి ఉంటారు. ఆ మనిషికో బాధ ఉంటుంది. తన మహిమ మనుషులకి తెలియకుండానే కూన ఆ బాధ తీర్చాలి. ఇంట్లో అందరూ తనని చూసుకునే వయసులో ఉన్న పిల్ల, కాసేపు తానే ఒకరిని చూసుకునే స్థానంలోకి వెళ్తుంది.

జంతువులే ఎందుకు?

రాజకుమారుడో సూపర్ హీరోనో అయితే పొడవు, బలం, అందం అన్నీ గుర్తొస్తాయి. మూడంగుళాల ఎలుకకి ఆ గొడవ లేదు. చుట్టూ ఉన్నదంతా దానికన్నా పెద్దదే. పిల్లలకి ఆ పరిస్థితి కొత్తేం కాదు. అందని అలమర, అర్థంకాని పెద్దల మాటలు... వాళ్లు రోజూ బతికేది అలాంటి లోకంలోనే. అందుకే ఎలుక వీరుడితో ఇట్టే కలిసిపోతారు.

ఇంకో సౌలభ్యం... నియమాలు విడిగా చెప్పక్కర్లేదు. కాకి ఎగురుతుంది, ఎలుక కొరుకుతుంది, తాబేలు నెమ్మది. ఐదేళ్ల పిల్లకైనా ఈ సంగతి తెలుసు. 'నాకు చీకటంటే భయం' అని బయటపడని పిల్లాడు 'నా కుందేలుకి చీకటంటే భయం' అని హాయిగా చెప్పేస్తాడు. ఆ మాట విన్న అమ్మకి కూడా ఓ దారి దొరికినట్టే.

మిత్రలాభంతో మొదలుపెట్టండి

ఇవన్నీ ఇంగ్లిషు పుస్తకాలే కదా అని వెనకాడక్కర్లేదు. మన ఇంట్లో జంతువుల కథలకి కొదవేముంది? 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక'తో తెలుగువారికి బాగా దగ్గరైన మిత్రలాభమే ఉంది. వల కొరికే ఎలుక హిరణ్యకుడు, కాకి లఘుపతనకం, తాబేలు మంథరుడు, లేడి చిత్రాంగుడు. నలుగురు ఆటగాళ్లకి నాలుగు పాత్రలు సిద్ధం! నియమాలు ఇలా పెట్టుకోవచ్చు:

* ప్రతి పిల్లా తన జంతువు బొమ్మ కాగితం మీద గీసుకోవాలి. దానికి బాగా వచ్చిన పని ఒకటి, భయం ఒకటి, దగ్గరున్న వస్తువు ఒకటి రాసుకోవాలి.

* కష్టమైన పనికే పాచిక. నాలుగు, అయిదు, ఆరు పడితే అయినట్టు. ఒకటి, రెండు, మూడు పడితే కొత్త చిక్కు. పాచిక లేకపోతే బొమ్మా బొరుసూ వేసుకున్నా సరే.

* ఆ జంతువుకి బాగా వచ్చిన పనైనా, పక్క నేస్తం ఎలా సాయం చేస్తుందో చెప్పినా రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. ఒక పాచికతో రెండింట ఒక వంతున్న అవకాశం రెండు పాచికలతో నాలుగింట మూడు వంతులవుతుంది. సాయం విలువ పిల్లలకి లెక్కల్లోనూ తెలుస్తుంది!

ఎలా సాగుతుందో చూద్దాం. కథ నడిపేది అమ్మ. పదేళ్ల అక్క కాకి. ఏడేళ్ల తమ్ముడు ఎలుక.

"వేటగాడు తాబేలుని వింటికి కట్టుకుని పోతున్నాడు. పొద్దు గూకబోతోంది. ఏం చేస్తారు?"

"నేను వెళ్లి వాడి కాలు కొరికేస్తా!"

"సరే నాన్నా, పాచిక వెయ్యి."

రెండు పడింది.

"అయ్యో... అయిపోయిందా అమ్మా?"

"ఎక్కడయిపోయింది? వాడు కాలు విదిలించాడు. నువ్వెగిరి వాడి సంచిలో పడ్డావు. లోపలంతా చీకటి. ఏదో వాసనొస్తోంది."

"ఏం వాసన?"

"నువ్వే చెప్పు."

"జొన్నరొట్టె! ముందు రొట్టె తినేస్తా. తర్వాత సంచి కొరికేస్తా."

"ఒరేయ్, ముందు తాబేలు తాడు కొరకరా! అమ్మా, నేను పైనుంచి వచ్చి వాడి తలపాగా తన్నుకుపోతా. వాడు నా వెంట పడతాడు. అప్పుడు వీడు బయటికొచ్చేయొచ్చు."

పుస్తకంలో కథ ఇలా ఉండదు. లేడి చచ్చినట్టు పడుకుని వేటగాణ్ని ఏమారుస్తుంది. కానీ ఈ ఇంట్లో ఈ సాయంత్రం కథ ఇదే. పాచిక మీద రెండు పడకపోతే జొన్నరొట్టె ఊసే వచ్చేది కాదు, అక్కకి తలపాగా ఉపాయమూ తట్టేది కాదు.

పరీక్ష పెద్దవాళ్లకే!

ఆట పిల్లలకి తేలికే. కష్టమల్లా కథ నడిపే అమ్మానాన్నలకి. పిల్లాడు తప్పుదారి పడుతున్నాడనిపించగానే 'అలా కాదు కన్నా, ఇలా చెయ్యి' అనే మాట నాలుక చివరికొచ్చేస్తుంది. ఆ మాట అన్నారా... కథ మళ్లీ మీదైపోతుంది, పిల్లాడు మళ్లీ 'ఊ' దగ్గరికే వెళ్లిపోతాడు. అడిగి, జవాబొచ్చేదాకా ఆగడం నేర్చుకోవాలి. చివర్లో 'దీనివల్ల మనం తెలుసుకున్న నీతి ఏమిటంటే' అని మొదలుపెట్టకపోవడం ఇంకా మంచిది.

మరికొన్ని జాగ్రత్తలు... ఇద్దరు పిల్లలుంటే పెద్దది చిన్నవాడి వంతు కూడా తానే ఆడేస్తుంటుంది. కాబట్టి పేరు పెట్టి ఒక్కొక్కరినే అడగాలి. మాటకారి కాని పిల్లని తొందరపెట్టకూడదు. 'నీ తాబేలు ఏం చూస్తోందమ్మా?' అంటే చాలు. జంతువు చచ్చిపోతుందేమో అని పిల్లలు బెంగపడితే, ఈ ఆటలో చావు ఉండదని ముందే మాట ఇచ్చేయాలి. పట్టుబడటం, దారితప్పడం ఉంటాయి చాలు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆటల రూపకర్త ప్రచారంలోకి తెచ్చిన 'ఎక్స్ కార్డు' పద్ధతి కూడా ఉపయోగమే. ఇంటూ గుర్తు గీసిన కార్డొకటి బల్ల మధ్యలో ఉంటుంది. కథలో ఏదైనా భయపెట్టినా నచ్చకపోయినా ఎవరైనా దాన్ని తాకొచ్చు. కారణం అడగకుండా ఆ ముక్క తీసేసి ముందుకెళ్లాలి. ముప్పావుగంటకి మించి సాగదీయొద్దు. 'రేపు ఏమవుతుందో...' అన్న చోట ఆపితే పిల్లలే మర్నాడు చాప పరుస్తారు.

ఈ ఆటల మీద అపోహలూ లేకపోలేదు. 1980ల్లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పిల్లల్ని క్షుద్రవిద్యల వైపు లాగుతోందని పెద్ద గగ్గోలు లేచింది. 1985లో సీబీఎస్ చానల్ '60 మినిట్స్' కార్యక్రమం దాకా ఆ వివాదం వెళ్లింది. ఆ ఆరోపణలు నిలబడలేదు, ఆట నిలబడింది. నిజానికి అప్పటి తల్లిదండ్రుల్లో చాలామందికి తలుపు వేసుకుని పిల్లలు ఏం ఆడుతున్నారో తెలియదు. భయానికి సగం కారణం అదే. పిల్లల పక్కనే కూర్చుని ఆడే ఇంట్లో ఆ భయానికి చోటుండదు.

దీనివల్ల మార్కులు పెరుగుతాయా అంటే... ఆ హామీ ఎవరిచ్చినా నమ్మక్కర్లేదు. ఇది ట్యూషను కాదు, ఆట. కాకపోతే 'ఇప్పుడేం చేస్తావ్?' అని పిల్లల్ని అడిగి, వాళ్లు చెప్పింది జరగనిచ్చే సందర్భాలు మన ఇళ్లలో రోజుకి ఎన్ని ఉంటాయో ఓసారి లెక్కపెట్టి చూడండి. కుందేలు లెక్కలో నాలుగు దాటితే... బోలెడు ఉన్నట్టే!